రెండో సొరుగు కోసం ప్రార్థన

సత్యకుమారి దేవుడికి కూడా అడ్రసు లేకుండా ఏదీ చెప్పదు. ఊరు అమలాపురం దగ్గర. పద్నాలుగేళ్లుగా దుబాయ్ అల్ కుసైస్‌లో నాలుగిళ్లకు వంట చేస్తోంది. 2021లో ఒకసారి, అడ్రసు చెప్పకుండా, మోకాలి నొప్పితో ఉన్న మరియమ్మను బాగుచేయమని ప్రార్థించింది. దుబాయ్ దాటి ఎక్కడో ఉన్న ఉమ్ అల్ క్వైన్‌లో ఎవరో మరియమ్మకు నొప్పి తగ్గింది. తను అడిగిన మరియమ్మ కుంటుతూనే ఉంది. పొరపాటు దేవుడిది కాదని, వివరాలు సరిగ్గా ఇవ్వని తనదేనని సత్యకుమారి తేల్చుకుంది.

అప్పటినుంచి శుక్రవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో ఆమె పెట్టే ఆడియో ప్రార్థనలో బిల్డింగ్ పేరు, ఫ్లాట్ నంబరు, యజమాని పేరు, ఎన్ని నెలలుగా సెలవివ్వలేదో, అన్నీ ఉండేవి. మూడు వందల మంది పనివాళ్లు విని, ఒక్కొక్కరూ గొంతుతో ఆమెన్ పంపేవారు. ఇదే మన రేడియో అని, వాళ్లలాగే ఇక్కడ పనికొచ్చిన నేనంటే ఆమెకు నచ్చేది కాదు. గ్రూపుకు ఒకటే నియమం: ప్రార్థన తప్ప మరో మాట ఉండకూడదు. పాస్‌పోర్టు దాచుకోవడం నేరమని నేను ఏడు నిమిషాలు చట్టం చదివి పెట్టాను. నలుగురు విన్నారు. నా గొంతు విని ఒకామె ఎవరు పోయారని అడిగింది. సత్యకుమారి నన్ను తీసేసింది. దేవుణ్ణి నమ్మని నేను క్షమాపణ ప్రార్థన పెడితే గానీ మళ్లీ చేర్చుకోలేదు. అప్పటినుంచి ఆమె ఆడియోల్లో కుక్కర్ కూతలు కత్తిరించడం నా పని.

నిరుడు చివర్లో పేరమ్మ సత్యకుమారి దగ్గరికి వచ్చింది. రాజోలులో ఆమె కూతురికి నెలలు నిండాయి. మంగళవారానికి టికెట్ ఉంది. పాస్‌పోర్టు మాత్రం ఆమె పనిచేసే ఇంటావిడ చాముండేశ్వరి దగ్గరుంది. వెళ్తే తిరిగి రావని ఆవిడ ఇవ్వడం లేదు.

పేరమ్మ చెప్పిన వివరాలతో సత్యకుమారి ప్రార్థించింది. ఫ్లాట్ 304, పడకగది, బీరువాలో రెండో సొరుగు, చిరిగిన నీలం దుప్పటి కింద.

ఆ ఆడియో చేతులు మారి మారి చాముండేశ్వరి ఫోనుకే చేరింది. ఆవిడ గ్రూపులో చేరి కోపంగా మూడు మెసేజీలు రాసింది. ప్రార్థన కాదు కాబట్టి సత్యకుమారి మూడూ చెరిపేసింది. నాలుగోసారి ఆవిడ గొంతు వినిపించింది.

"ప్రభువా, నేను సత్యనారాయణ వ్రతం చేసుకునేదాన్ని. అయినా విను. ఆ దుప్పటి చిరగలేదు. మొన్ననే షార్జాలో కొన్నాను. పాస్‌పోర్టు దాని కిందే భద్రంగా ఉంది."

మూడు వందల ఆమెన్‌లు మొదలయ్యాయి. ఫోను మోగుతూనే ఉంది. పక్కగదిలో ఆఫీసు మీటింగులో ఉన్న భర్త రామ్మోహనరావు ఇంట్లో ఎవరు మతం మారారని అడిగాడట. గ్రూపులోంచి పోతే ఓడిపోయినట్టని ఆవిడ పోలేదు.

అదే వంటింట్లో, ఆవిడకు రెండడుగుల దూరంలో ఉల్లిపాయలు తరుగుతున్న పేరమ్మ ఫోను తీసింది.

"తండ్రీ, అమ్మగారు చెప్పింది నిజవేనండి. ఆ దుప్పటి కొత్తదే. చిరిగింది నాదండి. పాస్‌పోర్టు ఉందని ఆరే ఒప్పుకున్నారు. సొరుగు తాళం ఆరి తాళిబొట్టుకే పిన్నీసుతో ఉందండి. పిల్ల పురుడికి నేను లేకపోతే ఇంకెవరూ లేరండి."

మళ్లీ ఆమెన్‌లు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదట. పావుగంట తర్వాత చాముండేశ్వరి చివరి ప్రార్థన వచ్చింది. "ప్రభువా, తీస్తున్నాను. విను." తర్వాత తాళం తిరిగిన చప్పుడు, సొరుగు కీచుమనడం. ఆ ఆడియోలో నేనేమీ కత్తిరించలేదు.

పేరమ్మ మంగళవారం విమానమెక్కింది. శుక్రవారం మనవరాలు పుట్టింది.

చాముండేశ్వరి ఇంకా గ్రూపులోనే ఉంది. పోయినవారం పేరమ్మను త్వరగా వెనక్కి పంపమని, ఫ్లాట్ నంబరుతో సహా ప్రార్థించింది. వస్తే వారానికో సెలవిస్తానన్న మాట అందులో లేదు.

ఇంతవరకు ఒక్కరూ ఆమెన్ అనలేదు.