రాతిమంచం మీద కమ్లి గారు

కమ్లి చెప్పు రాతిమంచానికి అంటుకుపోయింది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. వేడిరాళ్ల మంచాల మీద పడుకోబెట్టి జబ్బులు నయం చేస్తామంటూ పాల్వంచలో కొత్తగా తెరిచిన ఆరోగ్య కేంద్రంలో చెప్పులు బయటే విడవాలన్నది నియమం. కానీ కిందటి వారం అలా విడిచిన జత పోయింది. ఇవేమో సరికొత్తవి. అందుకని కమ్లి చెప్పులతోనే మంచమెక్కి, దుప్పటి కప్పుకుని, అలవాటు ప్రకారం మోకాళ్లు ముడిచి పడుకుంది. కింద కరెంటుతో రాళ్లు వేడెక్కాయి. కమ్లి హాయిగా గురక పెట్టింది. వాసన మొదట పక్క మంచం మీది గోప్యాకు తగిలింది.

"ఏందే కమ్లీ, టైరు గిట్ల కాలుతున్నదా?"

లేచి చూస్తే కుడి చెప్పు పెనానికి అట్టు పట్టినట్టు పట్టింది. ఇద్దరు కూర్చుని గోకారు. అందరూ నవ్వారు, అందరికంటే కమ్లి ఎక్కువ నవ్వింది. చెప్పుతో పాటు అరికాలు కూడా కాలిందని ఆమెకు తెలియలేదు. పదేళ్ల చక్కెర జబ్బు ఆ పాదంలో స్పర్శ మిగల్చలేదు మరి.

ఇది 2006 నాటి సంగతి. కమ్లిది చర్ల దారిలో ఒక తండా. కొడుకు కోటేష్‌కు థర్మల్ పవర్ ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికాక పాల్వంచలో కిరాయి ఇంటికి వచ్చారు. కొడుకు డ్యూటీలో ఉండేవాడు, లేదంటే డ్యూటీ చేసొచ్చి నిద్రలో ఉండేవాడు. కోడలు భాను నాలుగిళ్లలో పనిచేసేది. నెలకోసారి కమ్లి సర్కారు దవాఖానాకు పోయి, చక్కెరకు సూదిమందు తెచ్చుకుని, తిట్లు కూడా తెచ్చుకునేది.

కేంద్రంలో తిట్లు లేవు. దాన్ని నడిపే ప్రసూన పెనుబల్లి వైపు రైతు ఇంటి ఆడపడుచు. మొదటిరోజే గుమ్మం దాకా ఎదురొచ్చి, "రండి కమ్లి గారూ! రాత్రి నిద్ర పట్టిందా?" అంది. కమ్లి వెనక్కి తిరిగి చూసింది, ఆ గారు ఎవరోనని. యాభై ఏళ్లలో ఆమె పేరుకు ఓటర్ల జాబితా కూడా ఆ ముక్క తగిలించలేదు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే మంచాలెక్కే ముందు ఒక రోగి మైకు పట్టుకుని తనకెంత నయమైందో చెప్పాలి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. తండాలో పెళ్లికూతురిని సాగనంపేటప్పుడు ఏడుపు పాట ఎత్తుకోవాలంటే కమ్లినే పిలిచేవారు. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ వణికించాలో ఆమెకొకరు నేర్పక్కర్లేదు. రెండోసారికే వింటున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కొత్తవాళ్లు ఎక్కువగా వచ్చే సోమవారాలన్నీ ప్రసూన ఆమెకే ఇచ్చేసింది.

చెప్పు కాలిన ఐదో రోజున గచ్చు మీద మరకలు చూసి భాను అత్త కాలు ఎత్తి పట్టుకుని చూసింది.

"అత్తా, గిది పుండు. దవాఖానాకు పోదాం పా. ముదిరితే కాలే తీస్తరట."

"సోమవారం నేను మాట్లాడాల బిడ్డా. ఆ తర్వాత పోదాం."

ప్రసూనకు చూపిస్తే ఆమె మొహం వెలిగిపోయింది. "లోపలి విషం బయటికొస్తోందండీ కమ్లి గారూ! ఆ సూదిమందు ఆపేశారంటే ఇంకా తొందరగా వచ్చేస్తుంది."

కమ్లి మేకలను సాకిన మనిషి. కుళ్లిన గిట్ట ఎలా ఉంటుందో ఆమెకు తెలియనిది కాదు. కానీ తగ్గలేదని ఒప్పుకున్నవాళ్లకు మైకు ఇవ్వరు. ఆమె సూదిమందు ఆపేసింది.

సోమవారం నాడు కాలికి గుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, చీర కిందికి దించుకుని మైకు ముందు నిలబడింది. "నడవలేనిదాన్ని, సూడుండ్రి!" అని నాలుగడుగులు వేసింది. చప్పట్లు మోగాయి. చర్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చినామె ఎవరో కమ్లి చెయ్యి పట్టుకుంది.

"నా చక్కెర జబ్బు గూడ తగ్గుతదా అక్కా?"

"అవ్, తగ్గుతది. సూది బంద్ చెయ్యి," అంది కమ్లి. ఆ పూట అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువే తింది.

పై సోమవారానికి కవరు వాసనను ఆపలేకపోయింది. గోప్యా దూరపు మంచానికి మారాడు. ప్రసూన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే, అంతే తియ్యగా అంది. "కమ్లి గారూ, కొన్నాళ్లు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి. కొత్తవాళ్లు ఇబ్బంది పడుతున్నారు." గారు మాత్రం చివరిదాకా తీయలేదు.

మైకు అప్పటికే గోప్యా చేతిలో ఉంది. తలుపు బయట నిలబడి కమ్లి అతని మాటలు మొత్తం విన్నది. బాగా చెప్పలేదనుకుంది.

రెండు రోజులకు ఒళ్లు కాలిపోతుంటే కోటేష్ డ్యూటీ మాని, ఆటోలో వేసుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మర్నాడు డాక్టరు మంచం దగ్గరికొచ్చి కట్టు చూసి, కోటేష్ చెప్పి రాయించిన కేసు కాగితం చూసి, ఆ తర్వాత ఆమె వైపు తిరిగి విసుక్కున్నాడు.

"గన్ని రోజులు ఆ రాళ్ల మీద పండుకునే బదులు నా దగ్గరికి రావాలని తెల్వదా అమ్మా?"

"నెలనెలా వచ్చిన సార్, నువ్వు నా మొఖం జూసుడే గిది మొదలు."