నలభై గొంతులకు ఒకే దారి

రేవులో అందరూ ఆమెను వైర్‌లెస్ పిన్ని అంటారు. పదిహేడేళ్లుగా గట్టు మీది ఇరుకు గదిలో స్పీకరు ముందు కూర్చుని, నలభై చేపల పడవలను ఒకే ఒక్క చానెల్ మీద నడుపుతోంది. ఒకరు బటన్ నొక్కి మాట్లాడితే మిగతావాళ్లు నోరు మూసుకోవాలి. ఇద్దరు నొక్కితే ఇద్దరి మాటా గాలిపాలే. అందుకే గంటకోసారి పడవల నంబర్లు వరసగా పిలుస్తుంది. చెప్పేదేమీ లేనివాళ్లు బటన్ రెండుసార్లు టిక్కుమనిపించి తప్పుకుంటారు. వాళ్లు వాడుకోని వ్యవధి చెప్పాల్సింది ఉన్నవాళ్లకు పోతుంది.

రేడియో మెకానిక్‌కు ఇదంతా నవ్వులాట. "హాజరు పిలవడం అయిందా పిన్నీ?" అని తలుపు దగ్గర నిలబడి ఆటపట్టించేవాడు. మాట వినబడాలంటే సెట్టుకు పవర్ పెంచితే చాలని అతని నమ్మకం. అడిగినవాళ్లందరికీ పెంచి ఇచ్చాడు. సొంత తమ్ముడి పడవలో పాత సెట్టును మాత్రం ఇవాళ రేపు అంటూ అలాగే వదిలేశాడు.

ఆ పొద్దున పొగమంచు సముద్రాన్ని మింగేసింది. పడవలన్నీ ఒక్కసారే దారి అడిగాయి. స్పీకరులో రొద తప్ప మాట లేదు. మెకానిక్ రొప్పుతూ వచ్చాడు. తమ్ముడు వల వేసింది రాళ్ల వైపున.

"మా వాడు పలికాడా పిన్నీ?"

"ఎలా పలుకుతాడు? నువ్వు పెంచిన గొంతులన్నీ వాడి మీదెక్కి కూర్చున్నాయి."



జవాబు కోసం అందరూ బటన్లు వదిలిన రెప్పపాటులో ఆమె అందుకుంది. "నంబరు పిలిస్తేనే పలకండి. పెద్ద సెట్లవాళ్లు పవర్ తగ్గించండి."

"నేనెందుకు తగ్గాలమ్మా?" స్పీకరులో ఓ ముసలి పడవ యజమాని గొణిగాడు.

"నువ్వు గుసగుసలాడినా నాకు వినబడతావు మామా. అవతల ఒకడు అరుస్తున్నా వినబడట్లేదు."

రొద సద్దుమణిగింది. ఆమె తమ్ముడి నంబరు పిలిచింది. సన్నటి బుస. అందులో మాట ఉందో లేదో మెకానిక్‌కు అంతుపట్టలేదు. ఆమె కళ్లు మూసుకుంది.

"ఉన్నాడు. ఒరే అబ్బాయ్, మాటలొద్దు. లోతు ఎన్ని బారలుందో అన్ని టిక్కులు కొట్టు."

ఒకటి. రెండు. మూడు.

నాలుగోది రాలేదు. మెకానిక్ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మూడు బారలే. రాళ్లు దగ్గరపడ్డాయి. ఇంజను ఆపి లంగరు వెయ్యి. వేశాక ఒకటి కొట్టు."

చాలాసేపటికి ఒక్క టిక్కు.

మిగతావాళ్లను ఆమె ఒక్కొక్కరినే పిలిచి దారి చెప్పసాగింది. మధ్యమధ్యలో తమ్ముడికీ వంతు ఇస్తూనే ఉంది. రేడియోలు విప్పి బిగించడంలోనే సగం జీవితం గడిపిన మెకానిక్, నలభైమంది ఒకరినొకరు తొక్కుకోకుండా ఆ ఇరుకు దారిలో నడిచిపోవడం మొదటిసారి విన్నాడు.

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. తమ్ముడి పడవ గట్టు తాకిందని కబురొచ్చింది. అయినా అతను కదల్లేదు.

"ఇంకాసేపు కూర్చోనా పిన్నీ?"

"కూర్చో. మాట్లాడకు."