స్నాతకోత్సవం దారి తప్పిన రోజు

ఒక ఉదయం నేను అరవై మంది డాక్టర్లను దారి తప్పించాను. అడవిలో కాదు, కొండల్లో కాదు. హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే పెద్దరోడ్డు పక్కన, మా వైద్య విశ్వవిద్యాలయం ఆవరణలోనే, నిండా రెండు వందల అడుగులు కూడా లేని దూరంలో. ఆ అరవై మందిలో గుండె కోసి కుట్టగలిగినవాళ్లు ఉన్నారు. మెదడు లోపలి సందుగొందులన్నీ తెలిసినవాళ్లు ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా "ఇది దారి కాదప్పా" అని నాతో అనలేదు. అనకూడదు. అది నియమం.

అప్పట్లో నేను అక్కడి ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. బేరిగై దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లోంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటివాణ్ణి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. స్నాతకోత్సవం అయిన మరుసటి వారమే నా కాగితం మీద వైస్ ఛాన్సలర్ గారి సంతకం పడాలి. అంటే, ఒక మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకొని మసలుకోవలసిన వారం ఏదైనా ఉంటే అది అదే.

మా దగ్గర ఉత్సవాలన్నీ రాజేశ్వరమ్మ గారి చేతి మీదుగా జరిగేవి. రిటైరైన అనాటమీ ప్రొఫెసరు, తల ముగ్గుబుట్ట, గొంతు మాత్రం కంచు. కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజు శవం ముందు పూలు పెట్టి, దేహదానం చేసిన ఆ మనిషికి దండం పెట్టుకొని ప్రమాణం చేసే ఆచారం ఆమె పెట్టిందే. సీనియర్లు జూనియర్లకు తెల్లకోటు తొడిగేదీ ఆమె ఏర్పాటే. స్నాతకోత్సవం ఊరేగింపులో ముందు నడిచేవాడు రాజదండం పట్టుకుంటాడు. ప్రతి ఏటా పట్టుకునే పెద్ద అటెండరుకు ఆ ఏడు మోకాలు వాచింది. ఆమె ఆఫీసులోకి వచ్చి అందరినీ కిందినుంచి మీదికి చూసి నా దగ్గర ఆగింది.

"నువ్వు పొడుగుండావు. దండం పట్టుకుంటే నిండుగా ఉంటాది. లేచి రాప్పా."

బీరువా తెరిచి, ఎర్రటి గుడ్డ విప్పి దండం నా చేతిలో పెట్టింది. నిలువెత్తు టేకు కర్ర, దాని చుట్టూ వెండి పాము.

"ఇది ఏ కొయ్యో తెలుసా? కాలేజీ పెట్టినప్పుడు మాకు బిల్డింగు లేదు. మూకండపల్లిలో ఒక రేకుల షెడ్డులో పాఠాలు చెప్పినాము. ఆడ మా మొట్టమొదటి అనాటమీ బల్ల ఇది. విరిగిపోయినాక పారేసేదానికి మనసు రాలేదు. కృష్ణగిరిలో ఒక ఆచారి దగ్గర దండం చేయించినాను."

నేను దండాన్ని వేళ్ల కొసలతో పట్టుకున్నాను. ఆమె నియమాలు చెప్పింది. వెనక్కి తిరిగి చూడకూడదు. నోరు విప్పకూడదు. దండాన్ని ఎవరూ దాటకూడదు. అది ఎదురుపడితే ఎంత పెద్దవాళ్లయినా తల వంచాలి.

"అయితే నేను యాడికి పోతే వాళ్లందరూ ఆడికే వస్తారామ్మా?"

"నువ్వు కాదప్పా. దండం యాడికి పోతే ఆడికి వస్తారు."

ఈ తేడా ఎంత పెద్దదో నాకు ఆరోజు తెలియలేదు.

ఇక్కడ నా తెలివి గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. ఆ రోజుల్లో కృష్ణగిరి అవతల పోచంపల్లిలో నాకు ఒక సంబంధం చూస్తున్నారు. అమ్మాయి ఫొటో వచ్చింది. నా ఫొటో పోవాలి. ఎర్రటి గౌను, చేతిలో వెండి పాము, వెనకాల అరవై మంది డాక్టర్లు. ఇంతకంటే మంచి పెళ్లికొడుకు ఫొటో తాలూకా మొత్తం మీద ఎవరికీ ఉండదని నాకు తోచింది. అడ్డం ఒక్కటే, సోడాబుడ్డి కళ్లద్దాలు. వాటిని తీసి గౌను జేబులో వేసుకున్నాను. లోకమంతా నీళ్లలో తడిసిన రంగుల బొమ్మలా అయిపోయింది. అయినా భయమేమీ లేదు. ముందురోజు రెండుసార్లు నడిచి చూసుకున్న దారే కదా. నీలం తెర, బంతిపూల తోరణం కనబడితే అదే హాలు గుమ్మం.

పందిళ్లు వేసినవాడు అదే నీలం తెర, అవే బంతిపూలు వంటపందిరికి కూడా కట్టాడని నాకు ఎవరు చెబుతారు?

నాదస్వరం అందుకుంది. నేను కదిలాను. గడ్డం పైకెత్తి, ఫొటోగ్రాఫరు ఉన్నాడనుకున్న ప్రతి మసక ఆకారం వైపూ కొంచెం ముఖం తిప్పుతూ, రాజు గారి గుర్రంలా నడిచాను. నీలం కనబడింది. పసుపు కనబడింది. తల వంచకుండా లోపలికి పోయాను. ఆడిటోరియంలో ఇంగువ వాసన వస్తోందేమిటా అనుకున్నానే గానీ ఆగలేదు. డాక్టర్ల సమావేశం కదా, ఏదో మందు వాసనై ఉంటుందని సమాధానం చెప్పుకున్నాను. ముక్కుకు వేడి ఆవిరి తగిలినప్పుడు ఆగాను. ఎదురుగా నా నడుము ఎత్తు సాంబారు గుండిగ, దాని అవతల గరిటె పట్టుకొని వంటమాస్టరు.

ఆయన మర్యాదస్తుడు. కంగారు పడలేదు.

"వాంగ సార్, రండి. సాంబారు ఇంకా దిగలేదు. పది నిమిషాలు కూర్చోండి. ఆకులు వేయమంటారా?"

నేను మాట్లాడకూడదు. వెనక్కి చూడకూడదు. కాబట్టి నిలబడ్డాను. నా వెనక డీన్లు నిలబడ్డారు. వాళ్ల వెనక ప్రొఫెసర్లు నిలబడ్డారు. అందరికన్నా చివర రావలసిన వైస్ ఛాన్సలరూ, ముఖ్య అతిథీ ఇంకా ఎండలోనే ఉన్నారు. ఎవరి నియమం వాళ్లు పాటిస్తున్నారు. నాదస్వరం వాయిస్తూనే ఉంది. నా కాగితం మీద పడవలసిన సంతకం ఆవిరై పైకి పోతున్నట్టు కనబడింది. అది మాత్రం కళ్లద్దాలు లేకపోయినా స్పష్టంగా కనబడింది.

అప్పుడు ఉల్లిగడ్డల మూట మీద కూర్చున్న మనిషి ఒకరు లేచారు. మా నాయన. నన్ను చూడాలని పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. హాల్లో కుర్చీ చూపిస్తే, అంత మెత్తని కుర్చీలో నాకు కుదరదప్పా అని చెప్పి వంటవాళ్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడట.

"ఏమిరా మునిరాజా, ఈడికొచ్చినావు?"

నేను పెదవులు మాత్రం కదిపాను. "దారి తప్పినాను నాయనా."

మా నాయన నా వెనకాల ఉన్న వరసను ఒకసారి ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. ముఖంలో భయం లేదు. జీవితమంతా చూసిన సంగతే అన్నట్టు ఉన్నాడు.

"అట్ల నిలబడొద్దురా. నువ్వు నిలబడితే ఎనకాలవి ఒకదాని మింద ఒకటి ఎక్కతాయి. ముందరదాన్ని తిప్పితే చాలు, అన్నీ తిరుగుతాయి."

అరవై మంది స్పెషలిస్టులను ఆయన "ఎక్కతాయి" అన్నాడు. ముందువరసలో ఉన్న డీన్ గారికి తెలుగు వచ్చు. ఆయన కూడా తిరగడానికి సిద్ధమయ్యారు.

నాయన నా మోచెయ్యి పట్టుకొని గుండిగ చుట్టూ తిప్పాడు. మా వెనకే డీన్లు, వాళ్ల వెనకే ప్రొఫెసర్లు, తడి నేల మీద గౌన్లు పైకెత్తి పట్టుకొని గంభీరంగా తిరిగారు. మేము బయటికి వచ్చేసరికి వైస్ ఛాన్సలరూ ముఖ్య అతిథీ లోపలికి వస్తున్నారు. దండం ఎదురైంది. ఇద్దరూ తల వంచారు. ఆ నమస్కారం తనకేననుకొని మా నాయన చేతులు జోడించి, "బాగుండారా సామీ," అని పలకరించాడు. వాళ్లు కూడా పోయి గుండిగ చుట్టూ తిరిగి వచ్చారు. మరి దండం పోయిన దారే కదా.

పావుగంట ఆలస్యంగా హాలు చేరాం. నా చూపు తిన్నగా లేకపోయినా నాయన పట్టు తిన్నగా ఉంది.

సభ అయ్యాక రాజేశ్వరమ్మ గారు పిలిపించింది. వైస్ ఛాన్సలర్ పక్కనే కూర్చుని ఉన్నారు.

"వంటపందిట్లోకి ఎందుకు పోయినావు?"

"కండ్లద్దాలు తీసేసినానమ్మా."

"ఎందుకు?"

"ఫొటో కోసరం."

"నీ ఫొటో ఎవురు చూస్తారప్పా?"

"పోచంపల్లిలో... ఒకమ్మాయి."

ఆమె కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. అప్పటికీ నేను కళ్లద్దాలు పెట్టుకోలేదు.

వైస్ ఛాన్సలర్ గొంతు సవరించుకున్నారు. "ముఖ్య అతిథి ఏమన్నారో విన్నావు కదా?"

భయంతో నేను ఒక్క ముక్కా వినలేదు. తర్వాత తెలిసింది. ఆయన తన ఉపన్యాసంలో, పట్టాలు ఇచ్చేముందు అన్నం వండేవాళ్ల దగ్గరికి పోయి గౌరవం చేసే ఆచారం ఏ విశ్వవిద్యాలయంలోనూ చూడలేదని, తన మనసు నిండిపోయిందని, ఒక రైతు చేత ఊరేగింపు నడిపించడం మరీ గొప్పగా ఉందని పొగిడారట. హాలంతా లేచి చప్పట్లు కొట్టిందట.

రాజేశ్వరమ్మ గారు కళ్లు తుడుచుకొని ఇటు తిరిగింది. "వచ్చే ఏడు కూడా ఆడికి పోవాల్సిందే. పోకుంటే ఈ ఏడు ఎందుకు పోయినామో చెప్పాల్సి వస్తాది."

నా కాగితం మీద సంతకం పడింది. పోచంపల్లికి ఫొటో పోయింది. అందులో నేను కళ్లు చికిలించుకొని ఉన్నాను, నాయన నా మోచెయ్యి పట్టుకొని ఉన్నాడు, పక్కన గుండిగ. ఆ అమ్మాయి, "కొడుకు సంగతేమో గానీ, మామ మంచోడు మాదిరి ఉండాడు," అని ఒప్పుకుంది. ఇప్పటికీ ఆ మాట మీదే ఉంది.

నాయన బతికినన్నాళ్లూ ప్రతి స్నాతకోత్సవానికీ ఉతికిన పంచె కట్టుకొని వచ్చి గుండిగ పక్కన నిలబడేవాడు. డీన్లు ఆయనకు తల వంచి పోయేవాళ్లు. ఆయన ఒక్కొక్కరినీ బాగుండారా అని అడిగేవాడు. ఆయన పోయిన ఏడు వంటమాస్టరు ఆ చోట ఎవరినీ నిలబడనివ్వలేదు. రాజేశ్వరమ్మ గారు కూడా ఇప్పుడు లేరు. ఆమె దేహం ఆమె కోరినట్టే అనాటమీ బల్ల మీదికి వెళ్లింది. ఆ ఏడు పిల్లలు పూలు పెడుతుంటే నేను తలుపు దగ్గర నిలబడి చూశాను.

మొన్నటి ఉత్సవంలో ఒక కుర్ర లెక్చరరు బయటినుంచి వచ్చిన అతిథులకు వివరిస్తున్నాడు. గుండిగ ప్రదక్షిణ అతి ప్రాచీనమైనదట. అన్నమే మొదటి ఔషధమని పూర్వ ఋషులు చెప్పినదాన్ని బట్టి మా సంస్థాపకులు పెట్టారట. నన్ను చూపించి, "కావాలంటే మా సూపరింటెండెంటు గారిని అడగండి, చరిత్రంతా ఆయనకు తెలుసు," అన్నాడు. నేను చాలా గంభీరంగా తల ఊపాను.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరో ప్రాచీన సంప్రదాయాన్ని నేను స్థాపించను.