మాలిక్ అరుగు మీద తెల్ల బురద

మా మేనమామ పోయిండని తాండూరు నుంచి పొద్దుగాల వచ్చిన రైలుల కబురొచ్చింది. నేను వికారాబాద్ బడిల పంతులమ్మను. సెలవడిగి మధ్యాహ్నం బండి ఎక్కిన. పల్లెకు పోయేసరికి మామ వాకిట్ల పెద్దమనుషులు గుమిగూడి ఉన్నరు. "మస్తు మంచోడు, ఎవ్వరి జోలికి పోనోడు" అని ఒకాయన అంటుంటే నాకు ఒళ్ళు మండింది. మా మామ అందరి జోలికీ పోయేటోడు. బతికున్నన్నాళ్ళు తిక్కలోడని నవ్వినోళ్ళే ఇయ్యాల దండలు పట్టుకొచ్చిన్రు. థూ!

మామ గొర్లు కాసే ఇంట్ల పుట్టిండు. తాగిన బీడీ ముక్కను కింద పారెయ్యకపోయేది, అగ్గిపెట్టెలనే పెట్టుకునేటోడు. ఎవడన్న బాట మీద ఎంగిలి ఇస్తరాకు ఇసిరేస్తే ఎనుకకు పిలిచి చేతిల పెట్టేటోడు. "నీ కండ్ల ముంగట లేకుంటే లేనట్టేనారా? ఎనుక వచ్చేటోనికి కండ్లు లేవా?" అని తిట్టేటోడు. నన్ను గూడ వదల్లే. ఒకసారి వాకిట్ల చింపిన కాయిదం ముక్కలు పడేస్తే, "సదువుకున్న చెత్త చెత్త కాదా బిడ్డా?" అన్నడు. ఇప్పటికీ కాయిదం చింపాలంటే ఆ మాట యాదికొస్తది.

నిజాం రాజ్యం పోయిన కొన్నేండ్లకు మా పల్లె పక్కన బండలు నునుపు చేసే ఫ్యాక్టరీ లేసింది. మామకు అండ్ల ఎడ్లబండ్ల మేస్త్రీ పని దొరికింది. ఫ్యాక్టరీల పుట్టే చెత్తనంత బయటికి మోపించుడు ఆయన పని. షెడ్డు కట్టేటప్పుడు ఇటుక పెంకులు, సున్నం గడ్డలు వచ్చేటివి. వాటితోని మామ గతుకుల బాట పూడ్పించిండు. మిషన్లు తిరుగుడు షురూ అయినంక బండలు గీకిన తెల్ల బురద పీపాలకు పీపాలు వచ్చుడువెట్టింది. అది పడ్డ కాడ గడ్డి మొలవది. ఫ్యాక్టరీ యజమానిని అందరు మాలిక్ అనేటోళ్ళు. ఆయన ఫ్యాక్టరీకి జాగ కొన్నడు, బంగ్లాకు కొన్నడు, గులాబి తోటకు గూడ కొన్నడు. చెత్తకు జాగ కావాలని మాత్రం ఆయన బుర్రకు తోచలే. గంత పెద్ద బుర్ర మరి! అడిగితే "యాడన్న పారెయ్" అనేటోడు.

మా గొర్లోళ్ళ పల్లెల ఒక పద్ధతుంది. వానలు ఎనుకవట్టంగనే ఒక బాయి మీద తుమ్మ కంప కప్పి, ఎవ్వరూ ముట్టకుండ ఉంచుతరు. తక్కిన బాయిలు ఎండినంక, నడి ఎండకాలంల ఆ కంప తీసి ముందు గొర్లకు, ఎనుక మనుషులకు తోడుతరు. ఒకనాడు మాలిక్ జీపుల పోతూ ఆ కంప చూసి పాడువడ్డ బాయి అనుకున్నడు. ఎవరినన్న అడిగిండా? ఇంకొకర్ని అడుగుడంటే ఆయనకు నామోషీ. "వాడని బాయి ఉండంగ ఫికర్ ఎందుకు? పీపాలన్నీ అండ్లనే గుమ్మరియ్యి" అని హుకుం ఇచ్చిండు.

"అవి మా ఎండకాలం నీళ్ళు మాలిక్. గొర్లు సస్తయి, ఎనుక మేం సస్తం" అన్నడు మామ.

మాలిక్ నవ్విండట. "నీళ్ళుంటే ముండ్ల కంప ఎందుకు కప్పుతర్రా? నాకే కథలు చెప్తున్నవా?"

పెద్దమనుషులు మాట్లాడొస్తమని పోయిన్రు. బంగ్లాల చాయ్ తాగి, మూతులు తుడుచుకొని, "పెద్దోళ్ళతోని మనకెందుకు" అనుకుంట వచ్చిన్రు. గా చేతులే ఇప్పుడు దండలు పట్టుకొచ్చినయి.

తెల్లారి మామ పీపాలు బండ్ల మీదికి ఎక్కించిండు. మా అత్త కొంగు నడుముకు చెక్కి ఆడోళ్ళందర్ని తీసుకపోయి బాయి చుట్టూ కూసున్నది. నేను అత్త పక్కనే ఉన్న. మొగుడే బురద తెస్తుంటే పెండ్లాం అడ్డం కూసున్నదని ఊరంత గుసగుసలు. బండ్లు మలుపు దాకా వచ్చినయి. మా దిక్కు రాలే, బంగ్లా దిక్కు మళ్ళినయి. బంగ్లా ముంగట మెరిసే బండలు పరిచిన పెద్ద అరుగుండె. మామ దగ్గరుండి పీపాలన్నీ దాని మీద బోర్లిచ్చిండు. మేం ఉరికి పోయేసరికి గులాబి చెట్ల మొదళ్ళు గూడ మునిగినయి.

మాలిక్ చెప్పుల్లేకుండ ఉరికొచ్చి, సర్రున జారి బురదల కూలవడ్డడు. "ఏం చేసినవ్‌రా!" అని మొత్తుకున్నడు.

"వాడని జాగల పొయ్యమంటివి గద మాలిక్" అన్నడు మామ, ఎద్దు మెడ నిమురుకుంట. "గీ అరుగు మీద నువ్వు కూసున్నది నేనెన్నడు సూడలే. పాడువడ్డదనుకున్న."

మామ పని పోయింది. మళ్ళ గొర్ల ఎంబడి పోయిండు, సచ్చేదాక గొర్లతోనే ఉన్నడు. మాలిక్‌కు బుద్ధొచ్చిందని అనను, భయమైతే వచ్చింది. ఫ్యాక్టరీ ఎనుక సొంత జాగల గుంత తవ్విచ్చి బురద అండ్ల ఎండవెట్టుడు మొదలువెట్టిండు. మా బాయిల ఒక్క చుక్క పడలే. ఆ ఎండకాలం మేం బతికినమంటే మామ పుణ్యమే.

దినాల నాడు సమాధి మీద పెట్టుమని మాలిక్ ఒక బండ పంపిండు. నున్నగ మెరుస్తుంది. మామ పేరు కింద మూలకు, చిన్నగ చెక్కి ఉంది. మాలిక్ పేరు నడిమిట్ల, జానెడు అక్షరాలతోని. పెద్దమనుషులు "ఎంత పెద్ద మనసు!" అని తలలూపిన్రు. అత్తకు చదువు రాదు.

"గా పెద్ద అక్షరాలు ఎవ్వరియి బిడ్డా?" అని నన్నడిగింది.

"మాలిక్‌వి అత్తా."

అత్త బండను చేత్తోని తడిమింది. "బండ మంచిగనే ఉంది. పారేస్తే మీ మామ ఊకోడు" అన్నది.

బండలు కొట్టేటాయనను పిలిపించి మామ పేరున్న మూల తీపిచ్చింది. ఆ ముక్క సమాధి మీద పెట్టింది. మిగిలిన బండను బాయికి దిగువన, బట్టలు ఉతికే పల్లంల ఏయించింది. నేను వికారాబాద్‌కు తిరిగొచ్చే పొద్దున అటు దిక్కు నుంచే నడిచొచ్చిన. కంప తీసిన బాయిల నీళ్ళు తోడుకొని, అత్త మామ గొంగడి నానవెట్టి మాలిక్ పేరు మీద ఏసి దబదబ బాదుతున్నది. ఆ జానెడు అక్షరాలల్ల నుంచి మురికి నీళ్ళు కారుతున్నయి.