నాన్న బిగించిన గిటారు పెట్టెలు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, ఈ ఫ్యాను చప్పుడులో నా మాట సగం ఎగిరిపోతుంది. ఆ రోజుల్లో మా బచేలిలో, అదే ఛత్తీస్‌గఢ్ ఇనుప గనుల ఊళ్ళో, ఒక వస్తువును ఇంకో వస్తువుకు అతికించడమంటే చిన్న పని కాదు. ఇనుప కొండల ఎర్ర దుమ్ము మన జిగురు కంటే ముందే వెళ్ళి గోడ మీద కూర్చునేది. క్యాలెండరు ఊడేది, అద్దం ఊడేది, చెప్పు అట్ట ఊడేది. ఊడనిది ఒక్కటే, రైలు పట్టా. దానికి కారణం మా నాన్న (అని మా నాన్న చెప్పేవాడు). ఆయన రైల్వేలో కీమాన్. భుజాన సుత్తి వేసుకుని లైను వెంట నడుస్తూ, పట్టాను దిమ్మకు పట్టి ఉంచే బిగింపు ఎక్కడ వదులైతే అక్కడ ఒక్కటి వేయడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. మంచం కోడు, తలుపు గడియ, అమ్మ పప్పుగుత్తి, దేన్నైనా ఒకసారి తట్టి, చెవి ఒగ్గి విని, "ఊఁ, పర్లేదు" అంటే తప్ప మాకు భోజనం లేదు.

నేను ఏడో తరగతితో బడికి దండం పెట్టి కుట్టుమిషను ఎక్కాను. రెండు క్వార్టర్ల అవతల మా మేనత్త ఇల్లు. ఆవిడ కొడుకు, అంటే మా బావ, చర్చిలో గిటారు వాయించేవాడు. ఆయన ఇంట్లో సాధన చేస్తుంటే ఇక్కడ నా కుట్టు వంకర పోయేది. ఆ సంగతి బావకు తెలియదు, నా దగ్గర జాకెట్లు కుట్టించుకున్నవాళ్ళందరికీ తెలుసు.

ఒకసారి బావ విశాఖపట్నం వెళ్ళి ఎవరో వాడి వదిలేసిన ఇనుప పెట్టెలు మూడు తెచ్చాడు. ఒక్కొక్కటీ సబ్బు పెట్టె కంటే కాస్త పెద్దది. గిటారు వైరు వాటిలోంచి వెళ్ళి స్పీకరుకు చేరుతుంది. కాలితో ఒకదాన్ని తొక్కితే గిటారుకు గొంతు బొంగురు పోతుంది. ఇంకోదాన్ని తొక్కితే సొరంగంలో కేక వేసినట్టు మళ్ళీ మళ్ళీ పలుకుతుంది (మా లైనులో సొరంగాలకు కొదవ లేదు గనుక మాకు వెంటనే అర్థమైంది). మూడోది తొక్కితే పాట నీళ్ళలోంచి వస్తున్నట్టుంటుంది. ఇబ్బందల్లా తొక్కగానే అవి పారిపోవడం. ఒక ఆదివారం ఆరాధనలో సొరంగం పెట్టె జారి పాస్టరుగారి కుర్చీ కిందికి దూరింది. బావ గిటారు ఆపకుండా, ఒంటికాలు చాపుకుంటూ, దాని వెనకాలే వెళ్ళాడు. పాస్టరుగారు ఎంతో ఓర్పుతో పాదాలు పైకెత్తి కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. జగదల్‌పూర్‌లో యువజనుల కూడిక ఉందని, విశాఖపట్నం నుంచి ఒక పాటల బృందం పెద్దాయన వస్తున్నాడని, ఆయనకు గిటారు మనిషి కావాలని. బావకు చదువు అబ్బలేదు, గనుల్లో ఉద్యోగం తగల్లేదు. ఇది తప్పితే ఇంక ఆయనకు పాట లేదు. నాకేమో, ఇది దొరికితే బావ లేడు. అయినా "పెట్టెలు నేను అతికిస్తాను బావా, ఇలా తే" అన్నాను. ఎందుకంటారా? అతికించినంతసేపూ బావ మా వసారాలో కూర్చోవాలి కదా!

నాన్న ఒక మంచి చెక్క తెచ్చిచ్చాడు. మొదట బడి సంచులకు కుట్టే వెల్క్రో పట్టీ, అదే చర్రుమని ఊడొచ్చేది, ఒక ముక్క చెక్కకు, ఒక ముక్క పెట్టె అడుగుకు అంటించాను. భేషుగ్గా పట్టింది. కొన్నాళ్ళకు ఆ పట్టీ గరుకులో ఎర్ర దుమ్ము నిండి, వయసు మళ్ళిన బ్రష్షులా నున్నబడి వదిలేసింది. బావ మళ్ళీ వచ్చాడు. రెండువైపులా అంటుకునే టేపు వేశాను. ఎండలకు అది కరిగి పెట్టెలు మూడూ చెక్క మీద ఊరేగాయి. బావ మళ్ళీ వచ్చాడు. సైకిలు ట్యూబు కోసి పట్టీలుగా బిగించాను. తొక్కితే పెట్టె కిందికి దిగి, బావ పాదాన్ని పైకి విసిరింది.

"ఏటే గుంటా, పెట్టెలు కట్టమంటే ఉయ్యాల తయారు సేసినావు!"

"నీ కాలికే నిలకడ లేదు బావా. నా పట్టీనంటావేటి?"

ఊడినప్పుడల్లా ఆయన మొహం వాడేది, నా మొహం వెలిగేది. మా అమ్మ రెండు మొహాలూ చూసి టీ పెట్టేది.

చివరికి బజారులో సైకిలు మెకానిక్కు ఉపాయం చెప్పాడు. పాత గొలుసు లంకెలు విడదీసి, లంకె ఒక కన్నాన్ని పెట్టె అడుగున ఉన్న మరకు, రెండో కన్నాన్ని చెక్కకు బిగించాలి. కావలసినప్పుడు మర విప్పి తీసుకోవచ్చు. అలాగే చేశాను. చక్కగా కుదిరింది. అది చూసి బావ కళ్ళలో వచ్చిన మెరుపు ఇప్పటికీ నాకు గుర్తే. అక్కడితో వదిలేస్తే బాగుండేది. నాన్న డ్యూటీ దిగి వచ్చి, సుత్తి కొసతో పెట్టెను తట్టి విన్నాడు.

"కదుల్తంది."

"ఎక్కడ మావా? నాకేటీ కనపళ్ళేదు."

"కంటికేటి కనపడద్ది అల్లుడూ! సెవికి తెలస్తంది. వదులు మీద బండి నడిపించేస్తావేటి?"

ఆ సాయంత్రమే నాన్న పైపుల కారుడు ఆపే ముద్ద పిసికి పెట్టెల చుట్టూ దట్టించి, పైనుంచి ఇనుప రేకు పట్టీలు వేసి, మేకులు దిగ్గొట్టాడు. చెక్కను తలకిందులు చేసి దులిపాడు. మీద నిలబడ్డాడు. ఒక్కటి తట్టి విని, "ఊఁ, పర్లేదు" అన్నాడు. బావ ఆయన చేతులు పట్టుకున్నాడు. ఇక ఏమీ ఊడలేదు. ఏమీ ఊడలేదు గనుక బావ కూడా మా వసారాకు రాలేదు.

కూడికకు అందరం రైలెక్కి వెళ్ళాం. నాన్న సెలవు పెట్టి, ఆ చెక్కను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి పాట అద్భుతం. రెండో పాట మధ్యలో గిటారు దగ్గింది, నసిగింది, చప్పుడు ఆగిపోయింది. పెట్టెలో బ్యాటరీ అయిపోయింది. ఆ బ్యాటరీ ఎక్కడుంటుందంటే, పెట్టె కడుపులో. ఆ కడుపు తెరుచుకునేది అడుగు నుంచి! పెట్టెకు ఆకలేస్తుందన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ, ఆ సంబరంలో బావకు కూడా, తట్టలేదు. రైలు పట్టాకు బ్యాటరీ ఉండదు కదా మరి.

బావ స్క్రూడ్రైవరుతో పొడుస్తున్నాడు. కూడికంతా చూస్తోంది. నాన్న ముందు వరుసలోంచి లేచి, గర్వంగా, అందరికీ వినపడేలా అన్నాడు: "ఊడదు అల్లుడూ! ఏం సేసినా ఊడదు!"

జనం గొల్లుమన్నారు. బావ కూడా నవ్వేశాడు. వైరు పీకి, గిటారును నేరుగా స్పీకరుకు తగిలించి, బొంగురూ సొరంగమూ ఏమీ లేకుండా ఆ పాటను మొదటి నుంచి వాయించాడు. ఏ అలంకారమూ లేని ఆ గిటారు నా కుట్టుమిషను దాకా వినపడే గిటారే. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

పెద్దాయన బృందంతో విశాఖపట్నం వెళ్ళే రోజు బావ చెక్కను మా వసారాలో దించి, "బరువే, మొయ్యలేను. నీ దగ్గరుంచు" అన్నాడు. "ఎప్పుడొస్తావు బావా?" అని అడగబోయి, "బ్యాటరీలు దగ్గరెట్టుకో" అన్నాను. (ఇంత మాటకారిని, ఆ రోజు దొరికిన మాట అదీ.)

తర్వాత ఒకసారి భార్యను తీసుకుని వచ్చాడు. ఆయన కొత్త పలకకు పెట్టెలన్నీ మళ్ళీ ఆ వెల్క్రోతోనే. చర్రుమని ఒకటి తీసి చూపించి, "రోజుకో రకంగా మార్చాల కదే" అన్నాడు. విశాఖపట్నంలో ఎర్ర దుమ్ము లేదులే అనుకున్నాను.

నాన్న పోయి చాలా కాలమైంది. మా ఆయన మొన్న ఆ చెక్కను పాత ఇనుము వాడికి వేశాడు. వాడు ఇనుము వేరు, చెక్క వేరు అంటాడు కదా, వీధిలో కూర్చుని సుత్తితో, ఉలితో చాలాసేపు పోరాడి, చెమట తుడుచుకుని, "నహీ నికలేగా దీదీ" (ఊడి రాదక్కా) అని తిరిగి ఇచ్చి వెళ్ళాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే చీరకొంగు వెతుక్కున్నాను. ఇప్పుడది నా మిషను కిందే ఉంది. కుడికాలు మిషను తొక్కుతుంటే, ఎడమకాలి బొటనవేలు ఒక్కోసారి దానంతటదే వెళ్ళి సొరంగం పెట్టెను నొక్కుతుంది. టక్కుమంటుంది, అంతే. ఆ పూట కుట్టు కాస్త వంకర పోతుంది.

ఇక లేవండి, పొయ్యి మీద అన్నం చూసుకోండి. మీ ఇంట్లో అతుక్కుని ఉండాల్సినవి దుమ్ము పడకుండా అతుక్కుని ఉండాలి, వెళ్ళాల్సినవి గాయం కాకుండా ఊడి వెళ్ళాలి, మీ గుమ్మంలో పాట ఆగకూడదు. చల్లగా ఉండండి.