చెరువుకు కట్టిన నల్లతీగ

ముందే చెబుతున్నాను. నేను చెప్పేంతసేపూ ఎవరూ ఊఁ కొట్టకండి. తల ఊపండి, దగ్గండి, కావాలంటే తిట్టుకోండి... ఊఁ మాత్రం వద్దు.

పెనుకొండ కోటలో చిరుతపులితో బీడీ పంచుకున్నానని చెప్పానే, అది అబద్ధం. మడకశిర రోడ్డులో నా స్కూటరు పెట్రోలు లేకుండా పదకొండు కిలోమీటర్లు పోయిందన్నాను, అదీ అబద్ధమే. ఇది మాత్రం జరిగింది. హిందూపురంలో ఇరవై అయిదేళ్లుగా కార్లకు స్టీరియోలు బిగించి అన్నం తింటున్న ఈ రెండు చేతుల మీద ఒట్టు.

పోయిన వానాకాలం. పెనుకొండ పక్క పల్లె నుంచి ఓబులేసు నా షాపుకొచ్చాడు. వేరుశనగ రైతు. నాకంటే పదేళ్లు చిన్న.

“నాగన్నా, పడవకు స్టీరియో బిగించల్ల.”

“ఏం బండి అంటివి?”

“బండి కాదన్నా, పడవ. తెరచాప పడవ.”

నవ్వొచ్చింది. ఈ చుట్టుపక్కల కోతలు కోసే హక్కు నాకొక్కడికే ఉందనుకున్నాను.

తీరా పోయి చూస్తే నిజంగానే పడవ! బెంగళూరు పక్కన ఏదో రిసార్టు మూసేస్తుంటే లారీలో వేసుకొచ్చాడట. చిన్న ఫైబర్ పడవ, మధ్యలో ఒక స్తంభం, దానికి వెలిసిపోయిన తెరచాప. ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్ల చెరువు నిండింది. తెల్లవారితే మరవ దగ్గర, అంటే నిండిన నీళ్లు పొర్లి పారే చోట, గంగమ్మకు పూజ. ఆ పూజకు చెరువు మీది నుంచి పాటలు రావాలని ఇతని పంతం.

“దేనికప్పా ఇంత పట్టుదల?” అన్నాను.

అతను నీళ్ల నడుమకు చెయ్యి చూపించాడు. “ఆడ మా బావి ఉండాదన్నా. చెరువు ఎండిపోయిన కాలంలో దాని కడుపులోనే తవ్వుకొంటిమి. మా నాయన మోటరు బాగుచేసేకి దిగినాడు. గోడ కూలింది. మనిషిని తీసినారు, మోటరును తీయలా.” చెయ్యి దించి అన్నాడు. “ఆ పొద్దు పైన తాడు నేను పట్టుకోవల్ల. ఫోనొచ్చిందని పక్కకు పోయినా. మా నాయనకు పాటలంటే పిచ్చన్నా.”

నా పనిముట్ల సంచి కిందికి దించాను.

ధర్మవరం నుంచి కొత్త బ్యాటరీ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పని మొదలుపెట్టాను. రెండు పక్కలా రెండు స్పీకర్లు, ముందు స్టీరియో. ఇక్కడే నా చెయ్యి మోసం చేసింది. కారులో ఎర్రతీగ బ్యాటరీకి పోతుంది, నల్లతీగను బండి బాడీకే బిగిస్తాం. ఇనుప బాడీయే ఎర్త్. పాతికేళ్ల అలవాటు! పడవకేమో ఇనుము లేదు. వెతికితే పడవ ముక్కుకు ఊడకుండా బిగించిన లంగరు గొలుసు కనబడింది. స్టీరియో నల్లతీగ, బ్యాటరీ నల్లతీగ, రెండూ దానికే బిగించాను. పాట మోగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గొలుసు నీళ్లలోకి దిగుతుందని ఆలోచించలేదు. అంటే చెరువునే బాడీ చేశాను. చెరువు కింద ఉన్నదాన్ని కూడా.

నడుమ నుంచి కట్ట మీదికి వినిపిస్తుందో లేదో చూద్దామని పొద్దుగూకే వేళ ఇద్దరమే పోయాం. నాకు ఈత రాదు. నా ఫోను కట్ట మీద బండిలోనే ఉండిపోయింది. లంగరు వేశాం. ఓబులేసు ఫోనులోంచి పాట పెట్టాడు. నీళ్ల మీద ఎంత బాగా పోయిందో! కట్ట మీదివాళ్లు ఈలలు వేశారు. ఆ తర్వాత అందరూ రాత్రి జాగరణకు మరవ వైపు వెళ్లిపోయారు. అక్కడ పలక డప్పులు మొదలయ్యాయి.

చీకటి పడింది. వెళదామని గొలుసు లాగాం. రాలేదు. ఇద్దరం కలిసి లాగాం... రాలేదు. కింద ఏదో పట్టుకుంది. ఓబులేసు వంగి చూస్తుంటే జేబులోని ఫోను జారింది. బుడుంగ్... పాట ఆగిపోయింది.

స్పీకర్లు మాత్రం ఆగలేదు.

గుఁయ్... మంటూ సన్నటి మోత. “ఎర్త్ సరిగ్గా లేదులేప్పా, అందుకే” అన్నాను. కానీ ఆ మోత నాకు తెలుసు. మీకూ తెలుసు. పొలంలో, దూరంగా, బావిలో మోటరు తిరిగే మోత.

“నాగన్నా... ఇనపడతాందా?”

“ఏంది?”

“మా నాయన. పైకి లాగురా అంటాండాడు.”

నాకు మాట వినబడలేదు. మోత లోపల ఏదో ఊపిరిలాంటిది... అంతే. ఓబులేసు లేచి నిలబడ్డాడు. చొక్కా విప్పాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. నడుం పట్టుకుని కిందికి లాగాను.

“వదులన్నా! ఈసారి తాడు ఇడిసిపెట్టను!”

“కూచోప్పా! ఆడ తాడూ లేదు, ఏమీ లేదు!”

అరిచాను. గొంతు చీరుకుపోయేలా అరిచాను. మరవ దగ్గర పలకల మోత... ఎవరికి వినబడుతుంది? ఆఖరికి సంచిలోని స్పీకరు వైరు తీసి అతని చేతిని స్తంభానికి కట్టేశాను. కటింగ్ ప్లేయరుతో బ్యాటరీ ఎర్రతీగ తెంపేశాను. మోత ఆగింది.

అయినా అతను కట్టు తెంపుకుంటూనే ఉన్నాడు. వైరు మణికట్టులోకి దిగి నెత్తురు వస్తోంది. ఎంతసేపు ఆపగలను? నాకు తెలిసిన విద్య ఒక్కటే.

“ఓబులేసూ, ఒక కథ చెప్తా. ఊఁ కొట్టు. ఊఁ కొట్టకుంటే కథ పారదు.”

“అబద్ధాల కతలు ఇప్పుడెందుకన్నా...”

“కొట్టప్పా, నీకు దండం పెడతా!”

మొదలుపెట్టాను. ధర్మవరంలో ఒక నేతగాడు ఉన్నాడు. ఊఁ. అతను ఒక పట్టుచీర మొదలుపెట్టాడు. ఊఁ. ఎంత నేసినా చెంగు రావడం లేదు. ఊఁ. చీర మగ్గం దాటింది, గడప దాటింది, బత్తలపల్లి రోడ్డెక్కింది... ఊఁ. బస్సులు ఆగాయి, గొర్రెలు పక్కకు తొలిగాయి... ఊఁ. మెల్లగా అతని చెయ్యి గుంజుకోవడం మానింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చీర పెనుకొండ కొండకు మూడు చుట్లు చుట్టుకుంది.

ఊఁ.

అప్పుడు మబ్బు తొలగి కాస్త వెన్నెల పడింది. ఓబులేసు ముఖం చూశాను. పెదవులు బిగించి ఉన్నాయి. పళ్లు కరుచుకుని, కళ్లు ఇంతింత చేసి... నా వెనకకు చూస్తున్నాడు.

నా వెనక ఎడమ స్పీకరు ఉంది.

“...మూడు చుట్లు చుట్టుకుని...” అన్నాను.

“ఊఁ.”

అతని నోరు కదలలేదు.

తెగిన ఎర్రతీగ నా కాళ్ల దగ్గరే పడి ఉంది. చేత్తో తడిమి చూశాను. తెగే ఉంది.

నేను ఆగిపోయాను. ఒక్క క్షణం... రెండు... గొలుసు కర్రుమంది. పడవ ముక్కు నీళ్లలోకి వంగింది. ఇంకాస్త వంగింది. నీళ్లు లోపలికి వచ్చి పాదాలకు చల్లగా తగిలాయి.

“చెప్పన్నా” అన్నాడు ఓబులేసు. ఏడుస్తున్నాడు. “ఆపొద్దు... చెప్పన్నా!”

చెప్పాను. చీరను హిందూపురం తెచ్చాను. ఊఁ. రైలు పట్టాల మీద పరిచాను. ఊఁ. గొలుసు వదులైంది. గుక్క తిప్పుకుంటే బిగిసింది. చెప్తే వదులైంది. రాత్రంతా... దాహమేస్తే చెరువు నీళ్లే దోసిట్లో తాగి, ఆ గుటక ఆలస్యానికే పడవ వంగితే, తడి నోటితోనే అందుకుని చెప్పాను. ఆ నేతగాడికి పెళ్లి చేశాను, ముసలివాణ్ణి చేశాను. చెంగు మాత్రం రానివ్వలేదు. కథ అయిపోతే ఏమవుతుందో నాకు తెలియదు గదా!

తూర్పు తెల్లబడింది. నేతగాడి పెళ్లాం అడిగింది, “ఈ చీర ఎవరికయ్యా?” అని.

ఊఁ రాలేదు.

పలకలూ ఆగాయి. గాలి లేచింది. తెరచాప ఒక్కసారి నిండింది. పడవ దానంతట అదే కదిలింది. గొలుసు లాగితే దారంలా తేలిగ్గా వచ్చింది. లంగరుకు పట్టుదారం చుట్టుకుని ఉందని చెబితే మీకు బాగుంటుంది. లేదు. కాస్త బురద, అంతే. అందుకే ఇది నిజమంటున్నాను.

పూజకు వచ్చినవాళ్లకు ఓబులేసు, “లంగరు ఇరుక్కున్యాది, నాగన్న కతలు చెప్తా ఉంటే నేను ఊఁ కొడ్తా కూచుంటి” అన్నాడు. అలాగే జరిగిందేమో! భయంలో అతని పెదవులు నాకు సరిగ్గా కనబడలేదేమో. నీళ్లు ఎక్కువై పడవ వంగిందేమో... ఎన్నోసార్లు అలా సర్ది చెప్పుకున్నాను.

కానీ అతని మణికట్టు మీద మచ్చ అలాగే ఉంది. నెలకోసారి షాపుకొస్తాడు. టీ తాగుతాడు. పోతూ పోతూ మెల్లగా అడుగుతాడు.

“ఆ చీర అయిపోలేదు గదన్నా?”

“లేదప్పా.”

“అయిపోనీయొద్దు. కత కోసరం కాచుకోనుండేంతవరకూ మా నాయన నన్ను పిలవడు.”

ఆ స్పీకర్లు ఈ షాపులోనే, మన నెత్తి మీది అటక మీద ఉన్నాయి. ఒక్క తీగ కూడా లేదు వాటికి. అందుకే మిమ్మల్ని ఊఁ కొట్టొద్దన్నాను. మీరు కొడితే వాటిలోంచి వచ్చే ఊఁ అందులో కలిసిపోతుంది. మీలో ఎవరూ కొట్టకపోతే... కొట్టేది ఎవరో నాకు తెలుస్తుంది.

ఇంతవరకూ వినబడలేదు.

ఇంకాస్త ఆగుదాం... మాట్లాడకండి.