అవ్వ ఒంటిమీద మూడు చుక్కలు

దయ్యాల కథలు చదవడం నాకిష్టం, నమ్మడం మాత్రం ఎప్పుడూ లేదు. పుస్తకం మూసేసి హాయిగా పడుకునేదాన్ని. ఈ ఒక్క సంగతే ఎంతకూ మూసేయలేకపోతున్నాను.

మా ఊరు ఎల్లారెడ్డి, ఇంటివాళ్లంతా అక్కడే. నేను కామారెడ్డిలో చిన్న గది అద్దెకు తీసుకుని మెడికల్ కోడింగ్ చేస్తాను. అమెరికా ఆసుపత్రుల్లో క్యాన్సర్ రోగులకు రేడియేషన్ మొదలుపెట్టే ముందు డాక్టర్లు ఒక ప్లాన్ తయారుచేస్తారు. ఎక్కడ ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఏ కోణంలో. ఆ కాగితాలు చదివి, బిల్లుకు సరైన కోడ్ వేయడం నా పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నాలాంటి దానికి ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదు.

మూడేళ్ల కింద మా అవ్వ ఎడమ రొమ్ముకు కూడా రేడియేషన్ ఇచ్చారు. మిషన్ కిరణాలు రోజూ ఒకే చోట పడాలని సూదితో మూడు చుక్కలు పొడిచారు. రెండు చంకల కింద చెరొకటి, ఛాతీ నడిమధ్యన ఒకటి. అప్పుడు స్నానం చేయించింది నేనే కాబట్టి ఆ చోట్లు నాకు తెలుసు. ఇప్పుడు అవ్వ బాగుంది. "ముసలిదాన్నయినంక మళ్ల పచ్చబొట్లు పొడిపిచ్చుకున్న" అని వాడకట్టంతా నవ్విస్తుంది.

పోయిన చలికాలం, ఒకరోజు పొద్దున పదకొండు దాటింది. తలుపు తీసే ఉంది, గడప దాకా ఎండ. ఎవరో ఒకామె ప్లాన్ ఫైలు చూస్తున్నాను. ఇలాంటివి చూసీ చూసీ కళ్లు అలవాటైన చోట్లకే పోతాయి. స్కాన్ ఉందా, డోసు లెక్క ఉందా, డాక్టర్ సంతకం ఉందా. అన్నీ ఉన్నాయి. ఆ ప్లాన్‌కు వేసే కోడ్, 77301 అని కొట్టాను.

పంపబోతుంటే ఎడమ చంక కింద సూది గుచ్చినట్టయింది. చీమేమో అనుకున్నాను. ఏమీ లేదు. మళ్లీ బటన్ మీద వేలు పెట్టాను. ఈసారి కుడి చంక కింద. మూడోసారి నడిమధ్యన.

చెయ్యి వెనక్కి తీసుకుని ఫైలు మొదటి నుంచి చదివాను. డాక్టర్ నోట్సులో గడ్డ ఎడమ రొమ్ములో. ప్లాన్‌లో కుడి వైపు. చికిత్స మర్నాడే మొదలు.

ఇలాంటప్పుడు ఆసుపత్రికి ప్రశ్న రాసి పంపాలి. తప్పు నాదైతే అన్న భయంతో రెండేళ్లలో ఒక్కటీ పంపలేదు. ఆ రోజు పంపాను. టీమ్ లీడ్ అన్నకు ఫోన్ కూడా చేశాను.

"ఏందమ్మా, నీకు గొంతున్నదా! రెండేండ్ల సంది ఇయ్యాల్నే వింటున్న" అన్నాడు. సంగతి విన్నాక నవ్వు ఆపి, అప్పటికప్పుడు ఆసుపత్రికి కబురు పంపించాడు.

సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది. నేనింకా ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"బిడ్డా, మంచిగున్నవా? పొద్దుగాల చిక్కుడుకాయ తెంపుతుంటే ఎవరో నా సుక్కల మీద ఏలు పెట్టి ఒత్తినట్టయింది. మూడింటి మీద. నువ్వే యాదికొచ్చినవ్."

"ఎన్ని గంటలకవ్వా?"

"నాకు గడియారమెక్కడిదే? పదకొండు గంటల బస్సు పోయినంక."

మర్నాడు జవాబు వచ్చింది. చికిత్స ఆపారు, ప్లాన్ మళ్లీ చేస్తున్నారు. మాకొచ్చే ఫైళ్లలో పేర్లు ఉండవు, ఆ రోగి పేరు నాకు తెలియదు. ఆ రోజంతా పండగలా ఉండింది నాకు.

గుచ్చినట్టవడం నా నరాల పని అనుకుందాం. మరి అవ్వ? ఎంత ఆలోచించినా తెగలేదు. ఇప్పుడు ఏ ఫైలు తెరిచినా ముందు కుడో ఎడమో చూస్తాను.

మా పనిలో మొదటి రోజే నేర్పే మాట ఒకటుంది. కాగితం మీద లేనిది జరగనట్టే. అందుకే అవ్వ ఫోన్ చేసిన సాయంత్రమే జరిగిందంతా డైరీలో, టైముతో సహా, రాసిపెట్టుకున్నాను.